ఉయ్యాల మీది దిష్టి చుక్కలు

మా వదిన బొమ్మలు గీయడం మానేసింది కంటిచూపు మందగించి కాదు. బంధువుల్లో చాలామంది ఇప్పటికీ అదే అనుకుంటున్నారు. మా అన్న ఆమెను ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు తీసుకొచ్చి కళ్ళ డాక్టరుకు చూపించాడు, అద్దాలు చేయించాడు, ఫోను ముట్టుకోవద్దని పోరు పెట్టాడు. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఆ గళ్ళు సూసీ సూసీ కండ్లు పాడు జేసుకున్యాది" అని చెప్పేవాడు. నేను పక్కనే కూర్చుని తల ఊపేవాణ్ణి. ఆమె కళ్ళకు ఏమీ కాలేదనీ, మానేయడానికి కారణం నేనేననీ తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను, నేనూ చెప్పలేదు.

నాకు నంద్యాలలో ఒక విత్తనాల గోదాములో ఉద్యోగం. సీజనులో అన్నానికి కూడా తీరిక ఉండదు. సీజను దాటితే మూటల మధ్య కూర్చుని ఫ్యాను వైపు చూస్తూ ఉండాలి. అట్లాంటి ఒక ఎండాకాలంలో ఫోనులో గళ్ళ బొమ్మల ఆట కనిపించింది. ఖాళీ గళ్ళ చదరం ఒకటి ఇస్తారు. ప్రతి అడ్డు వరుస పక్కనా, ప్రతి నిలువు వరుస పైనా అంకెలుంటాయి. మూడు అని ఉంటే ఆ వరుసలో ఎక్కడో మూడు గళ్ళు పక్కపక్కనే నల్లగా నింపాలి. ఎక్కడ నింపాలన్నది అడ్డం అంకెలనూ నిలువు అంకెలనూ కలిపి చూసి తేల్చుకోవాలి. అన్నీ సరిగ్గా నింపితే చివర్లో ఒక బొమ్మ తేలుతుంది. అది ఏ బొమ్మో అప్పటిదాకా తెలియదు. ఆ తేలే క్షణం కోసమే ఆడతారు.

ఆ ఆటకు ఒక వెబ్‌సైటు ఉంది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో తమ బొమ్మలను అంకెలుగా మార్చి అందులో పెడతారు. మిగతావాళ్ళు విప్పి, కింద నాలుగు మాటలు రాస్తారు. గుడ్లగూబలు, మంచు మనుషులు, కాఫీ కప్పులు, పడవలు వేలకు వేలు ఉన్నాయి. మన వైపు బొమ్మ ఒక్కటీ లేదు. మనం ఒకటి పెడదామనిపించింది. నంద్యాలవాణ్ణి, నందితో మొదలుపెట్టాను. కాళ్ళు మడుచుకుని కూర్చున్న నంది గళ్ళలోకి దిగేసరికి యూరియా మూటలా తయారైంది. ఎన్నిసార్లు చెరిపి గీసినా మూటే.

ఆ ఆదివారం ఆళ్ళగడ్డ పోయినప్పుడు వదినకు చూపించాను. మా అన్న అక్కడ శిల్పాల పనిచోట రాళ్ళకు నునుపు పెడతాడు. వదిన ఇంట్లో కూర్చుని ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లుతుంది. రెండు రంగుల వైరుతో, ముడికి ముడి చూసుకుంటూ బుట్ట మీద నెమలిని తేవడం ఆమెకు అలవాటైన పని. నా కాగితం వైపు కాసేపు చూసింది.

"ఏందప్పా ఇది?"

"నంది వదినా."

"నందేనా? ఎవురో కొట్టి మూల కూసోబెట్టినట్టుండాది."

పెన్ను లాక్కుంది. ముందు మూపురం పెట్టింది, దాని నుంచి మెడ దించింది. మడిచిన కాలుకు రెండు గళ్ళు వదిలేసరికి అది కాలైంది. అంతసేపూ నన్ను ఆడిపోసుకుంటూనే ఉంది. నేను చెవి పెద్దది పెట్టానట, కుక్క చెవట. చివరికి కాగితం ఎత్తి దూరం నుంచి చూసుకుని, మళ్ళీ కింద పెట్టి, బొమ్మకు ఎడంగా కింది మూలలో ఒక గడి నల్లగా నింపింది.

"అదెందుకు వదినా?"

"దిష్టి సుక్క. దేశాలోల్లంతా సూస్తారంటివి గదా."

పసిపిల్ల బుగ్గ మీద పెట్టే కాటుక చుక్క లాంటిదే. మా వైపు కొత్తగా కట్టే ఇంటికి దిష్టిబొమ్మ కడతారు, కొత్త లారీకి నిమ్మకాయలు కడతారు. వదిన కొత్త బుట్ట అల్లినా అడుగున ఒక ముడి వేరే రంగులో వేస్తుంది. నేను నవ్వాను. చుక్కతో సహా అంకెలుగా మార్చి ఆ సాయంత్రమే పెట్టాను.

తర్వాత బొమ్మలు వరుసగా వచ్చాయి. ఆమె గళ్ళ కాగితం మీద గీసి ఫోటో తీసి పంపేది, నేను అంకెలుగా మార్చేవాణ్ణి. జొన్నరొట్టె తడుతున్న చెయ్యి, బేతంచెర్ల బండలు ఎత్తుకున్న లారీ, ఉలి సుత్తి, పొగగొట్టంతో బియ్యం మిల్లు, నల్లమల పులి, చేట, బొరుగుల ఉగ్గాని పళ్ళెంలో మిరపకాయ బజ్జీ. ప్రతి దానికీ ఒక మూల చుక్క. వారానికోసారి ఆమె నుంచి ఫోను.

"ఏమన్యారప్పా మీ దొరలు?"

"బజ్జీని చేప అన్యారు వదినా."

"అట్లనా. కొరికితే తెలుస్తాది యాడి చేపో."

రొట్టెను చందమామ అన్నారు. చేటను పార అన్నారు. కింద నేను రాసిన వివరం చదివాక మళ్ళీ వచ్చి, జొన్నలంటే ఏమిటి, రొట్టెను చేత్తో ఎట్లా తడతారు అని అడిగేవాళ్ళు. ఎక్కడో చలిదేశంలో ఉన్నవాళ్ళకు జొన్నపిండిలో వేడినీళ్ళు ఎందుకు పోయాలో వదినను అడిగి చెప్పేవాణ్ణి. ఆ రోజులు నిజంగా బాగుండేవి. అందులో అబద్ధం లేదు.

అబద్ధం ఇంకోచోట ఉంది. రెండో బొమ్మకో మూడో బొమ్మకో వదిన అడిగింది.

"నా పేరు ఏసినావా దానికింద?"

"ఏసినా వదినా," అన్నాను.

వేయలేదు. ఆ పేజీ మీద నేను పెట్టుకున్న మారుపేరు ఒక్కటే ఉంది. మొదటిసారి తోచలేదు, అంతే. రెండోసారికి కింద మాటలు వచ్చేశాయి. నీ చేతిలో కళ ఉంది, మీ ఊరిని కళ్ళముందు పెడుతున్నావు అని రాశారు. ఆ మాటలు అంతకుముందు నన్నెవరూ అనలేదు. గోదాములో మూటలు తడవలేదంటే అదే పెద్ద మెప్పు. ఆ మాటలను వదినకు చదివి వినిపించేటప్పుడు, నీ చేతిలో అన్నది ఆమె చేతికే అన్నట్టు చదివేవాణ్ణి. ఆమె నమ్మింది. వాళ్ళ వీధిలో బుట్టలల్లే ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది. వాళ్ళు ఊరుకుంటారా? "మన వీధి కొసకు తెలీని పేరు సముద్రాలకావల తెలిసినాదంట" అని ఆటపట్టించేవాళ్ళు. ఆమె నవ్వి, "తెలుసులేమ్మే, అడగండి మా మరిదిని" అనేది. నేను ఇంటికి పోయినప్పుడు వాళ్ళు నిజంగానే అడిగేవాళ్ళు. అవునని చెప్పేవాణ్ణి.

కొన్ని నెలలకు, బొమ్మలన్నీ మొదటినుంచీ విప్పుతున్న ఒకాయన మర్యాదగానే ఒక మాట రాశాడు. మీ ప్రతి బొమ్మలోనూ ఒక గడి బొమ్మతో సంబంధం లేకుండా ఉంటోంది, నేనే తప్పు నింపాననుకుని అంతా చెరిపి మళ్ళీ మొదటినుంచి చేశాను, అది పొరపాటా అని. ఇంకో ఇద్దరు తమకూ అట్లాగే అయిందన్నారు.

జవాబు నాకు తెలుసు. రాశాను కూడా. మా దగ్గర దిష్టి అని ఒక నమ్మకం ఉంది, చూసేవాళ్ళ కళ్ళు తగలకుండా చుక్క పెడతాం అని. పంపేముందు ఒకసారి చదువుకున్నాను. కళ ఉంది అన్నవాళ్ళు, ఇంత ఫోను వాడేవాడు దిష్టి అంటాడేమిటి అనుకుంటారేమో అనిపించింది. చెరిపేశాను. దాని బదులు ఇట్లా రాశాను: క్షమించండి, పల్లెలో ఉండే మా బంధువు ఒకామె గీయడంలో కొంచెం సాయం చేస్తుంది, ఆమెకు ఈ ఆట సరిగ్గా తెలియదు, అక్కడక్కడా దారితప్పిన గడి ఒకటి నింపేస్తుంది, ఇకమీద నేను చూసుకుంటాను.

మెచ్చుకున్నప్పుడల్లా నేనొక్కణ్ణే ఉన్నాను. తప్పు దొరికిన రోజున ఇద్దరమయ్యాం. ఆ పేజీ మీద మా వదిన ప్రస్తావన రావడం అదే మొదటిసారి.

ఆ రాత్రే కూర్చుని పాత బొమ్మలన్నిటి నుంచీ చుక్కలు తీసేశాను. మా ఆవిడ భుజం మీదుగా చూసింది.

"సుక్కలు తీసేసినావే. అక్కకు చెప్పినావా?"

"చెప్తాలే."

"ఆయమ్మ పెట్టేదే అందుకు. చెప్పు ముందు."

చెప్పలేదు. వదిన పంపే కొత్త బొమ్మల్లో చుక్క ఉండేది, నేను పెట్టే బొమ్మల్లో ఉండేది కాదు. ఆమెకు సైటులోకి పోయి చూసే అలవాటు లేదు. నేను చెప్పిందే ఆమెకు ఆ లోకం.

అన్న కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ నెలల్లో వదిన ఉయ్యాల బొమ్మ గీసింది. మా వైపు ఇళ్ళలో దూలానికి కట్టే చీర ఉయ్యాల ఉంటుంది చూడండి, అదే. నడుమ బరువుకు చీర కిందికి సాగిన వంపు ఎంత బాగా తెచ్చిందంటే, బిడ్డ కనబడకపోయినా లోపల ఉందని తెలుస్తుంది. ఈసారి మూలలో ఒకటి కాదు, రెండు గళ్ళు నింపింది.

"రెండెందుకు వదినా?"

"ఇద్దరుండారు గదప్పా. తల్లికొకటి, బిడ్డకొకటి."

రెండూ తీసేసి పెట్టాను. ఆమె గీసినవాటిలో అందరూ ఎక్కువగా మెచ్చింది ఆ ఉయ్యాలనే.

పాపను ఉయ్యాలలో వేసే రోజుకు ఆళ్ళగడ్డలో అందరం చేరాం. ఇల్లంతా జనం. వీధి ఆడవాళ్ళు కూడా వచ్చారు. భోజనాలయ్యాక ఎవరో, "ఏదీ, ఫారినోల్లకు సూపించిన ఉయ్యాల మాకూ సూపీ" అన్నారు. బాలింత పక్క మీదనే కూర్చుని తన ఫోనులో ఆ పేజీ తెరిచింది. అక్కడి నుంచి లేద్దామనుకున్నాను గానీ, చేతిలో వక్కాకు పళ్ళెం ఉంది.

వదిన ఫోను దగ్గరికి తీసుకుని చూసింది.

"సుక్కలేవీ?"

"ఏం సుక్కలు మా?" అంది కూతురు.

"రెండు పెట్టింటి. ఆ మూల."

నేనేదో అన్నాను. సైటువాళ్ళు తీసేసి ఉంటారని కాబోలు. కూతురు అప్పటికే కిందికి జరుపుతూ పోయింది, పాత బొమ్మల దగ్గర నా ఇంగ్లీషు మాటలు కనబడితే తెలుగులోకి మార్చమని నొక్కింది. దారితప్పిన గడికి నేను రాసిన 'స్ట్రే' అన్న మాటను ఫోను 'వీధి' అని మార్చింది. కూతురు ఆ తెలుగును పైకి చదివింది. "క్షమించు, నా గ్రామ బంధువు వీధి చతురస్రాన్ని నింపుతుంది. ఆమెకు ఆట తెలియదు."

"వీధి చతురస్రం ఏంది చిన్నాయనా, వీధికుక్క మాదిరి," అని పగలబడి నవ్వింది. అందరూ నవ్వారు. మా అన్న కూడా నవ్వాడు. ఆ మాటలకు అర్థం అక్కడ ఎవరికీ తెలియలేదు, నాకూ వదినకూ తప్ప. ఆమె నా వైపు చూసింది. చాలాసేపు కాదు. తర్వాత లేచి కాటుక తెచ్చి, పాప అరికాలి మీద ఒక చుక్క, బుగ్గ మీద ఒక చుక్క పెట్టింది.

"ఇవి ఎవురూ తుడపాకండి," అంది మామూలు గొంతుతోనే.

ఆ తర్వాత బొమ్మ రాలేదు. ఒక వారం చూసి ఫోను చేశాను.

"ఇంగ యాడ గీస్తామప్పా. కండ్లు మసకలు వస్తాండాయి."

"డాక్టరుకు చూపించుకో వదినా," అన్నాను. ఆమె నాకొక సాకు ఇచ్చింది. అది సాకని ఇద్దరికీ తెలుసు. నేను దాన్ని తీసుకున్నాను. మా అన్న మాత్రం నిజమనుకుని, పని మానుకుని ఆమెను బస్సెక్కించుకొచ్చాడు. నంద్యాలలో ఆ రోజు డాక్టరు దగ్గర వాళ్ళతో నేనూ కూర్చున్నాను. దగ్గరిచూపు బాగానే ఉంది, దూరానికే కొంచెం తేడా, భయం లేదన్నాడు డాక్టరు. బయటికొచ్చాక అన్న ఫోనును తిట్టాడు, ఆటను తిట్టాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వదిన కొత్త అద్దాలు పెట్టుకుని, బస్టాండు ఎదురుగా ఉన్న బోర్డు ఒక్కొక్క అక్షరం చదివి మా అన్నను నవ్వించింది.

ఆ తర్వాత నేను ఇంటికి పోయినప్పుడల్లా ఆమె అద్దాలు తీసి పక్కన పెట్టి సన్న వైరుతో బుట్ట అల్లుతూ కనబడేది. ముడి తప్పేది కాదు. బుట్ట అడుగున వేరే రంగు ముడి మాత్రం ఎప్పటిలాగే ఉండేది. నాతో మాటలు బాగానే మాట్లాడేది, అన్నం పెట్టేది. ఎకసెక్కాలు పోయాయి. వీధి ఆడవాళ్ళు ఫారిన్ మాట ఎత్తితే, "అది మావోడిదిలేమ్మే, నాదేముండాది" అనేది. ఆ మాటకు మించిన శిక్ష ఏముంటుంది? అయినా నేను నోరు తెరవలేదు. కాలం గడిచేకొద్దీ చెప్పడం తేలికవుతుందనుకుంటాం. నాకు ప్రతి పండగకూ ఇంకొంచెం కష్టమైంది.

సైటులో కొన్నాళ్ళు నేనే గీసి పెట్టాను. ఒకరు మూట అన్నారు. అది గుర్రబ్బండి. ఆపేశాను.

మొన్న వానాకాలంలో ఆ పేజీకి ఒక ఉత్తరంలాంటిది వచ్చింది. రాసింది ఒక పెద్దావిడ, ఏ దేశమో చెప్పలేదు. మీ బొమ్మలు ఆగిపోయాయి, బాగున్నారా అని అడిగింది. ఆ కిందే, మొదట్లో ప్రతి బొమ్మలో ఒక చుక్క ఉండేది గదా, అది గీసినవాళ్ళ సంతకం అనుకునేదాన్ని, విప్పుతున్నంతసేపూ అది ఏ మూల ఉందా అని వెతికేదాన్ని, తీసేశాక ఆ బొమ్మల్లోంచి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టుంది, ఆ మనిషి ఏమయ్యారు అని రాసింది.

గోదాములో కూర్చుని చదివాను. హమాలీలు మూటలు దించుతూ పిలుస్తున్నారు. మళ్ళీ మొదటినుంచి చదివాను.

వదిన పంపిన కాగితాల ఫోటోలు నా ఫోనులో అట్లాగే ఉన్నాయి. వాటిని చూసుకుంటూ ప్రతి చుక్కనూ దాని చోట మళ్ళీ పెట్టాను. ఉయ్యాలకు రెండూ పెట్టాను. పేజీ పైన ఆమె పేరు రాశాను, ఊరు ఆళ్ళగడ్డ అని రాశాను. దాని కింద ఉన్నది ఉన్నట్టు రాశాను. బొమ్మలన్నీ మా వదినవి, ఆ గడి పొరపాటు కాదు, దిష్టి చుక్క. పొరపాటని రాసింది నేను, సిగ్గుపడి రాశాను. మొదట పొరపాటా అని అడిగినాయన, అయితే ఇది మూఢనమ్మకమా అని అడిగాడు. మా ఇంటి నమ్మకం అని జవాబిచ్చాను. సరే, ఇకనుంచి చుక్క ఎక్కడుందో ముందు అదే వెతుకుతానన్నాడు. అంత చిన్న మాటకు భయపడి నేను ఎంత చేశానో అప్పుడు తెలిసింది.

ఆదివారం ఆళ్ళగడ్డ పోయాను. అన్న పని నుంచి వచ్చి పెరట్లో కుళాయి కింద చేతులకంటిన రాతిదుమ్ము కడుక్కుంటున్నాడు. వదిన గడపలో బుట్ట అల్లుతోంది. ఫోను తీసి ఆమె ముందు పెట్టాను. పైన పేరు చూపించాను. పేరు ఇంగ్లీషులో ఉన్నా గుర్తుపట్టింది. ఉయ్యాల చూపించాను. అద్దాలు పెట్టుకోకుండానే మూలలో రెండు గళ్ళనూ చూసింది, వేలితో ఒకసారి తాకింది. నేను రాసిందంతా ఒక్కో మాటా తెలుగు చేసి చదివాను. పెద్దావిడ రాసింది కూడా చదివాను. ఆమె చేతిలో వైరు ఆగిపోయింది గానీ తల ఎత్తలేదు.

అంతా అయ్యాక అంది, "అది వాల్లకు జెప్పినావు. వాల్లెవురు నాకు? యా మొగమో నేను సూడల్యా. నాకేం జెప్పినావప్పా?"

నిజమే. దేశదేశాలకు చెప్పాను. ఎదురుగా ఉన్న మనిషికి ఇంకా చెప్పలేదు. కుళాయి చప్పుడు ఆగింది. అన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఇటు వస్తున్నాడు. ఆయన వచ్చేదాకా ఆగాను. ఆయనకు కూడా వినపడాలి.

"నీ పేరు ఏసినానని అబద్ధం జెప్పినా వదినా," అన్నాను. "తప్పు అన్యాక నీ మీదికి తోసినా. పాప కోసరం నువ్వు పెట్టిన సుక్కలు నిన్నడక్కుండా తీసేసినా. నీ కండ్లకు ఏమీ కాలేదని తెలిసి కూడా అన్న ముందర నోరు మూసుకున్యా. తప్పయిపోయింది వదినా."